ఏకాంతసేవ - గృహస్థుని నిద్ర

దేహము నిలుచుటకు ఆహారమెంత అవసరమో నిద్రయు అంత అవసరము. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమనెడి ఇంటికి ఊతలని చరకసంహిత చెప్పుచున్నది. వీనిలో మొదటిదానికి కరవు వచ్చినచో లోకమెల్ల ఎరుగును. రాయలసీమ కరవుల నాడు గంజికేంద్రములు తెరచి ప్రజలను ఆదుకొనిన సంగతి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. రెండవదానికి కరవు వచ్చినచో ప్రక్క మంచముపై నున్నవారికి కూడ తెలియదు. ఆ బాధను ఎవరికి వారే చీకటిలో అనుభవింతురు.

మాండవ్య నదీతీరమున వీరభద్రస్వామి వెలసిన రాయచోటి మెట్టసీమలోని ఊరు. ఇచ్చటి గృహస్థునకు నిద్రను దూరము చేయు కారణములు తక్కువ కావు. వేసవిలో మిద్దె గోడలు పగలు త్రాగిన ఎండను రాత్రి వెడలగ్రక్కును. వేరుసెనగ విత్తినవానికి వాన చింత. బోరు వేయించినవానికి అప్పు చింత. వీనికి తోడు ఈ ప్రాంతమునుండి వేలమంది బ్రతుకుదెరువునకై కువైట్ మొదలగు గల్ఫ్ దేశములకు పోయి యున్నారు. కువైట్ గడియారము మన గడియారముకన్న రెండున్నర గంటలు వెనుక నుండును. అచ్చట రాత్రి తొమ్మిదింటికి పని ముగించిన కుమారుడు ఫోను చేసినచో ఇచ్చట పదకొండున్నర యగును. ఆ పలుకు వినుటకై తల్లి మేలుకొని యుండును. "అన్నము తింటివా నాయనా" అని అడిగి ఫోను పెట్టిన పిమ్మటనైన కన్ను మూతపడునా యనగా, వాని గొంతు ఎందుకో బొంగురుగా నున్నదని మరియొక గంట గడచును. ఫోను రాని నాడు ఇక చెప్పనవసరము లేదు.

ఇట్టివారు పెద్దలను తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. "గోవిందనామము జపించుచునే పడుకొందును. అయినను నిద్ర రాదు. నా భక్తిలో లోపమున్నదా?" ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో సగము బాధ తీరును. ఆ సమాధానము కొరకు తిరుమల కొండపై ప్రతిరాత్రి జరుగు ఒక సేవను చూడవలెను.

స్వామిని నిద్రపుచ్చు రాత్రి

తిరుమల ఆలయములో దినమునకు చివరి సేవ ఏకాంతసేవ. దీనినే పవళింపుసేవ యనియు అందురు. పల్లవ వంశపు రాణి సామవాయి సమర్పించిన వెండి విగ్రహమైన భోగశ్రీనివాసమూర్తిని శయనమండపములో మంచముపై పవళింపజేయుదురు. ధనుర్మాసములో మాత్రము ఆ స్థానమున శ్రీకృష్ణస్వామిని పవళింపజేయు ఆచారము కలదు. పాలు, పండ్లు మొదలగునవి నివేదింతురు. తాళ్లపాక వంశీయులు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి ఇత్తురు. పిమ్మట తలుపులు మూయబడును.

రాయచోటివారు గమనింపదగిన విశేషమొకటి ఇందున్నది. అన్నమాచార్యులు (1408-1503) జన్మించిన తాళ్లపాక రాజంపేట చెంత, రాయచోటికి తూర్పుదిశగా నున్నది. వెంగమాంబ (1730-1817) జన్మించిన తరిగొండ గుర్రంకొండ ప్రాంతములో, రాయచోటికి దక్షిణముగా నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన రాయచోటి కేంద్రముగా అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు గ్రామములును అందులోనివే. ఏడుకొండలవానికి రాత్రి జోల పాడినవారును, హారతి పట్టినవారును ఈ మెట్టసీమ బిడ్డలే. పగలు ఎండయు రాత్రి సెగయు ఎరిగిన ఈ నేలకు, నిద్రపుచ్చుట యెట్లో తెలియును.

జగములను కాచువానికి నిద్ర యేమి యని సంశయింపవచ్చును. ఆయన నిద్ర యోగనిద్ర. మనవలె మైమరచునది కాదు. అయినను ఆయనను బిడ్డగా భావించి జోల పాడుట భక్తుల సంప్రదాయము. పెరియాళ్వార్ బాలకృష్ణునకును, కులశేఖరాళ్వార్ శ్రీరామునకును ఊయలపాటలు పాడిరి. ఈ సేవలో స్వామికి కలుగు లాభము కన్న భక్తునకు కలుగు శిక్షణ యెక్కువ.

ఆ సేవలోని క్రమమును పరిశీలింపుడు. మొదట నాటి కార్యములన్నియు ముగియును. తరువాత లఘువైన నివేదన. పిమ్మట మెత్తని పాన్పు, మృదువైన గానము, చివరి హారతి. అటుపై తలుపు మూత. ఇందేదియు హఠాత్తుగా జరుగదు. ఒక మెట్టు తరువాత మరియొక మెట్టు దిగినట్లు జరుగును. యాత్రికుల సమ్మర్దము మిక్కిలిగా నున్న దినములలో ఏకాంతసేవకును సుప్రభాతమునకును నడుమ మిగులు కాలము మిక్కిలి స్వల్పము. అయినను ఆ క్రమమును విడువరు. మనమన్ననో వెలుగులోనుండి, వాదములోనుండి, లెక్కలలోనుండి ఒక్కసారిగ పక్కమీదికి దూకి, నిద్ర ఎందుకు రాలేదని నిద్రను నిందింతుము.

ధృతరాష్ట్రుని రాత్రి

నిద్రలేమిని గూర్చి మహాభారతము ఉద్యోగపర్వములో ఒక రాత్రి కథయే కలదు. పాండవుల యొద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు రాజును కఠినముగ నిందించి, వారి సందేశమును మాత్రము మరునాడు సభలో చెప్పెదనని వెడలిపోయెను. ధృతరాష్ట్రునకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించి తన దేహము కాలిపోవుచున్నదని చెప్పుకొనెను. బలవంతుని చేత చిక్కిన బలహీనుడు, సర్వస్వము పోగొట్టుకొనినవాడు, కాముకుడు, దొంగ - ఇట్టివారికి గదా నిద్ర రాకుండుట, వీనిలో ఏదియైన నిన్ను అంటినదా యని విదురుడు ప్రశ్నించెను. పరధనమునందలి ఆశయు నిద్రను చెరచునని సూచించెను. మనము విదురనీతి యని పిలుచునది ఆ రాత్రి పలికినదే. తిక్కన సోమయాజి ఆ ఘట్టమును తెలుగువారికి అందించినాడు.

ఆ కథలో చూడవలసినది తరువాతి భాగము. రాజు రాత్రియంతయు నీతి వినెను; సనత్సుజాతుని వేదాంతోపదేశమును కూడ వినెను. నీవు చెప్పినది నిజమే యని ఒప్పుకొనెను. కాని దుర్యోధనుని చూచినంతనే తన మనస్సు తిరిగిపోవునని కూడ తానే చెప్పెను. తెల్లవారినది, వినినది ఒక్కటియు ఆచరణలోనికి రాలేదు.

దీనినిబట్టి నిద్రకు వెలియగు చింతలు రెండు విధములని గ్రహింపవలెను. మొదటిది, పగలు మనము చేయవలసి యుండియు చేయకుండ దాటవేసిన పని. ఇవ్వవలసిన సొమ్ము, చెప్పవలసిన నిజము, అన్నదమ్ముల నడుమ తీర్చుకొనవలసిన గట్టు తగవు ఇట్టివి. దీనికి తలగడ మందు కాదు, పగలే మందు. రెండవది, మన చేతిలో లేని పని. వాన, దూరదేశములోని బిడ్డ క్షేమము ఇట్టివి. దీనికి రాత్రి మేలుకొనినందువలన ఒక చినుకు రాలదు. బిడ్డకు ఒక పూట విశ్రాంతి కలుగదు. మొదటిదానిని పగటికి అప్పగింపవలెను. రెండవదానిని భగవంతునకు అప్పగింపవలెను.

బరువు దించుట

శ్రీవైష్ణవ సంప్రదాయములో శరణాగతికి భరన్యాసమనియు పేరు. న్యాసమనగా ఉంచుట; భరమనగా బరువు. నన్ను రక్షించు బరువు నాది కాదు, నీది యని స్వామి పాదములకడ ఉంచుట భరన్యాసము. ప్రపత్తి ఒక్కసారియే చేయదగినది. రోజునకొకసారి చేయునది కాదు. అయితే దానిని స్మరించుట ప్రతిదినము ఉండవలెను. పాంచరాత్రము భక్తుని దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు కాలములుగా విభజించినది. ఐదవదగు యోగకాలము రాత్రికి చెందినది. భగవంతుని ధ్యానించుచు ఆయన పాదములకడ విశ్రమించుటయే అప్పటి ధర్మము. కనుక నిద్రించుట కాలహరణము కాదు. అదియును ఆరాధనలో ఒక అంగము.

ఇపుడు మొదటి ప్రశ్నకు సమాధానము సులభమగును. నామము జపించినను నిద్ర రాలేదను గృహస్థుడు నామమును జపించుచు లోపల నిద్రను లెక్కించుచున్నాడు. వచ్చినదా, ఇంకను రాలేదా యని క్షణక్షణము చూచుకొనువానికి ఆ చూపే మెలకువ. నిద్రను ప్రయత్నముతో పట్టుటకు వీలుకాదు. నామము నిద్రమాత్ర కాదు. దానిని స్వామి కొరకు పలుకవలెను. నిద్ర వచ్చినచో మేలు. రాకున్నను నామముతో గడచిన రాత్రి వ్యర్థము కాదు. ఈ నిశ్చయము కలిగిన క్షణమున నిద్ర రాదేమో యను భయము తొలగును. పెక్కుమందికి నిద్రను ఆపుచున్నది ఆ భయమే. వైద్యులును ఈ మాటనే మరియొక తీరున చెప్పుదురు. నిద్ర లేకపోవుట భక్తిలోపము కాదు; అలసిన మనస్సు బరువు దించుట మరచిపోవుట.

ఆచరణక్రమము

ఏకాంతసేవలోని మెట్లనే ఇంటియందు అనుసరింపవచ్చును.

మొదటి మెట్టు కాలనియమము. పడుకొను వేళకన్న లేచు వేళ ముఖ్యము. రాత్రి సరిగా నిద్ర పట్టకున్నను ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. అప్పుడు మరునాటి రాత్రి నిద్ర తానే వచ్చును. ఎండకాలములో పగటినిద్రను ఆయుర్వేదము అనుమతించినది. కాని అది మధ్యాహ్న భోజనము తరువాత అరగంటకు మించరాదు. పెద్దవారికి సాధారణముగ ఏడు గంటల నిద్ర కావలెను. వార్ధక్యములో తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చినంత మాత్రమున వ్యాధి యని తలపరాదు. పగలు చురుకుగా నున్నచో నిద్ర చాలినట్లే. అతిగా నిద్రించువానికిని, బొత్తిగా నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయములో చెప్పినాడు.

రెండవ మెట్టు ఆహారము. రాత్రి సంగటి ముద్దను కడుపునిండ తిని వెంటనే వాలినచో శరీరము నిద్రకు బదులు జీర్ణక్రియలో నిమగ్నమగును. పడుకొనుటకు రెండు మూడు గంటల ముందే మితముగ భుజింపవలెను. కాఫీ, టీలలోని సారము చాల గంటలు రక్తములో నిలుచును. అందుచేత మధ్యాహ్నము తరువాత వానిని మానుట మంచిది. నిద్ర రానివారికి పాలు, నెయ్యి, నూనెతో మర్దన, స్నానము, ఇంపైన వాసన, ఇంపైన శబ్దము, సుఖమైన పక్క హితములని చరకుడు చెప్పినాడు. ఏకాంతసేవలో పాలు నివేదించుటయు, లాలి పాడుటయు ఇచ్చట గుర్తునకు రాక మానవు. మధుమేహమున్నవారు పాలలో చక్కెర కలుపరాదు.

మూడవ మెట్టు వెలుగును తగ్గించుట. పూర్వము ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దీపము వెలుగే గతి. నేడు ఫోను వెలుగు కన్నులకు పగటిని చూపుచున్నది. దానివలన నిద్రను తెచ్చు దేహరసము ఊరుట ఆలస్యమగును. గంట ముందే పెద్ద దీపములను ఆర్పి, ఫోనును మంచమునకు దూరముగ నుంచవలెను. గల్ఫ్‌లోని బిడ్డలతో మాటలాడుటకు ఇంటివారందరు కలసి ఒక వేళ నిర్ణయించుకొనుట మేలు. అప్పుల సంగతి, తగవుల సంగతి వారి సెలవుదినమగు శుక్రవారము పగలు మాటలాడవలెను. రాత్రి ఫోనులో క్షేమసమాచారము మాత్రమే చాలును. అట్లు చేసినచో ఇచ్చట తల్లికిని, అచ్చట బిడ్డకును నిద్ర దక్కును.

నాల్గవ మెట్టు దేహశుద్ధి, పాన్పు. గోరువెచ్చని నీటితో కాళ్లు కడుగుకొని, తుడుచుకొని, అరికాళ్లకు కొద్దిగ నువ్వులనూనె రాచుకొనుట పూర్వాచారము. వెచ్చని నీరు చర్మమందలి రక్తనాళములను విప్పారజేయుటచే లోపలి వేడిమి వెలుపలికి పోవును. దేహము లోపల చల్లబడినప్పుడే నిద్ర వచ్చును. వేసవిలో మిద్దెపై సాయంకాలము నీళ్లు చల్లి, నులకమంచము వేసికొని పడుకొనుటలోని మర్మమిదియే. నులక సందులనుండి గాలి ఆడును. తల తూర్పునకుగాని దక్షిణమునకుగాని ఉంచి శయనింపవలెనని విష్ణుపురాణము చెప్పుచున్నది.

ఐదవ మెట్టు చింతలను విడదీయుట. సంధ్యాదీపము పెట్టిన తరువాత ఒక చీటిపై రేపు చేయవలసిన పనులను వ్రాయవలెను. చేతిలో నున్న పని చీటిలోనికి పోవును. చేతిలో లేనిది దేవుని గూటిలోనికి పోవును. ఆ చీటిని దేవుని పటము క్రింద ఉంచి, తెల్లవారువరకు దాని జోలికి పోరాదు.

ఆరవ మెట్టు ధ్యానము. మందు పుచ్చుకొనునపుడు విష్ణువును, భోజనవేళ జనార్దనుని స్మరించునట్లు, శయనవేళ పద్మనాభుని స్మరించుట సంప్రదాయము. తిరుప్పాణాళ్వార్ శ్రీరంగనాథుని పాదములనుండి ఆరంభించి పైకి నేత్రముల వరకు దర్శించిన క్రమమును పాన్పుపై అనుసరింపవచ్చును. వెల్లకిల పడుకొని, మొదట స్వామి పాదములను తలచి తన పాదములను సడలింపవలెను. స్వామి పీతాంబరమును తలచి తన తొడలను, నడుమును సడలింపవలెను. నాభికమలమును తలచి పొట్టను, వక్షఃస్థలమందలి లక్ష్మిని తలచి రొమ్మును, అభయహస్తమును తలచి భుజములను, చేతులను సడలింపవలెను. పిమ్మట కంఠము, దవడలు, నొసలు. దవడలు బిగించి యున్నంతవరకు మనస్సు బిగిసియే యుండును. శ్వాస పీల్చుటకన్న విడుచుట నిడివిగా నుండవలెను; విడుచునపుడు 'నారాయణ' యని మనస్సులో మెల్లగ పలుకవలెను. నేత్రముల వరకు చేరకముందే నిద్ర వచ్చినచో విచారము వలదు. మరల మొదటినుండి ఆరంభించుటకు రేపటి రాత్రి కలదు.

ఇరువది నిమిషములకు మించి నిద్ర రాలేదని తోచినచో పక్కపై పొర్లుచు ఉండరాదు. గడియారము చూడరాదు. లేచి, చిన్న దీపము ముందు కూర్చుండి, కంఠస్థమైన స్తోత్రమును మెల్లగ అనుసంధానము చేసి, కనురెప్పలు బరువెక్కిన తరువాతనే మరల పక్కకు చేరవలెను. పక్క నిద్రకు స్థానము గాని చింతకు స్థానము కాదని దేహము నేర్చుకొనవలెను.

ఒకరి నిద్ర, మరియొకరి మెలకువ

శృంగిబేరపురములో సీతారాములు చెట్టుక్రింద శయనించిన రాత్రి లక్ష్మణుడు నిద్రింపక కావలి యుండెను. గుహుడు పాన్పు సిద్ధము చేసి, తాను కాపు కాచెదనని చెప్పినను అంగీకరింపలేదు. లక్ష్మణుని నిద్రను ఊర్మిళ పదునాలుగేండ్లు తాను స్వీకరించినదని తెలుగునాట స్త్రీలు పాటగా పాడుకొనిరి. ఒకరి నిద్ర మరియొకరి మెలకువపై నిలిచి యుండునను సత్యమును ఆ తల్లులు ఎరుగుదురు.

ప్రతి ఇంటిలోను చివర పడుకొని ముందుగ లేచునది ఇల్లాలు. అంట్లు, పాలు తోడుపెట్టుట, పిల్లల బట్టలు, ముసలివారి మందులు ముగియునప్పటికి ఇల్లంతయు గురక పెట్టుచుండును. పగలు ఆమె చిరాకు పడినచో స్వభావమని తలతురు. నిద్ర చాలలేదని తలపరు. ఏకాంతసేవలో ఒక్కొక్కరు ఒక్కొక్క కైంకర్యము చేయుదురు. ఇంటిలోను రాత్రి పనులను అట్లే పంచుకొనవలెను. నీళ్లచెంబు ఒకరు, దీపములు ఒకరు, తలుపు గడియ ఒకరు చూచుకొనినచో ఇల్లాలికి అరగంట ముందుగ పాన్పు దక్కును. ఇది భాగవత కైంకర్యముకన్న తక్కువది కాదు.

వైద్యుని కడకు పోవలసిన వేళ

ఈ నియమములన్నియు పాటించినను వారమునకు మూడు రాత్రులైన నిద్ర లేక, మూడు మాసములు గడచినచో వైద్యుని చూడవలెను. గురక పెట్టుచు నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచువారు, పగలు కూర్చున్నచోటనే కునుకువారు, రాత్రి కాళ్ల పీకులతో కదలక యుండలేనివారు అంతకాలము వేచియుండరాదు. బ్రతుకుపై విరక్తి కలిగి తెల్లవారుజాముననే మేలుకొనువారు ఇంటివారితో ఆ మాట చెప్పి నాడే వైద్యుని కడకు పోవలెను. ఇతరులకు వ్రాసిన నిద్రమాత్రలను మ్రింగుట అపాయకరము. ఔషధమునందును విష్ణువునే స్మరింపుమని పెద్దలు చెప్పిరి గదా. వైద్యమును ఆశ్రయించుట శరణాగతికి విరుద్ధము కాదు.

రాత్రి పదకొండున్నరకు ఫోను ముగిసిన పిమ్మట ఆ తల్లి చేయదగినది ఇంతే. ఎడారినాట ఉన్న బిడ్డయు, మిద్దెపై ఉన్న తానును ఒకే పద్మనాభుని కావలిలో ఉన్నారని తలచి, ఫోనును దూరముగ నుంచి, కాళ్లు కడుగుకొని పడుకొనవలెను. ఆమె మేలుకొనినను కాచువాడు ఆయనయే, నిద్రించినను ఆయనయే. కొండపై తలుపులు మూసినను ఆయన కన్ను మూయడు. ఆ నమ్మకముతో మన తలుపు మనము మూసికొనుటయే గృహస్థుని ఏకాంతసేవ.